మెదడులో రక్తనాళం చిట్లినప్పుడు అందిన వైద్యం: విజయవాడలోని ఒక న్యూరో ఆసుపత్రిపై సమీక్ష

మా అక్కకు మెదడులోని రక్తనాళం చిట్లి రక్తస్రావం జరిగినప్పుడు విజయవాడలోని ఒక ప్రైవేటు న్యూరో ఆసుపత్రిలో అందిన వైద్యం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో మెచ్చుకోవలసినవీ, తప్పుపట్టవలసినవీ రెండూ ఉన్నాయి కనుక ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఈ జబ్బు వచ్చిన మనిషిని తీసుకుని ఏ ఆసుపత్రికి వెళ్లినా అక్కడ ఏమేమి ఉండాలో, ఏ పని ఏ వేళకు జరగాలో తెలుసుకోవడానికి మా అనుభవం పనికివస్తుందని నా నమ్మకం. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. జబ్బును గుర్తుపట్టడంలోనూ, తగిన చికిత్స ఎంచుకుని ఆలస్యం లేకుండా చేయడంలోనూ, ఐసీయూలో కంటికి రెప్పలా చూసుకోవడంలోనూ ఈ ఆసుపత్రిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఖర్చు విషయం దాపరికం లేకుండా చెప్పడంలోనూ, ఇంటికి పంపేటప్పుడు ముందున్న కష్టాలను వివరించడంలోనూ మాత్రం బాగా వెనకబడింది.

జబ్బు గురించి కొంత చెప్పకపోతే వైద్యం విలువ తెలియదు. మెదడు అడుగుభాగాన రక్తనాళాలు రెండుగా చీలే చోట గోడ బలహీనపడితే, పాతబడిన సైకిల్ ట్యూబు పలచబడిన చోట ఉబ్బినట్టు, అక్కడ ఒక చిన్న బుడగ తయారవుతుంది. దీనినే ఎన్యూరిజం అంటారు. పెద్దవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి ఇలాంటి బుడగ ఉంటుందని అంచనా. వారిలో ఎక్కువమందికి అది జీవితాంతం పగలదు, ఉన్నట్టు కూడా తెలియదు. అధిక రక్తపోటు, పొగతాగడం, దగ్గరి రక్తసంబంధీకులలో ఈ జబ్బు ఉండటం, వంశపారంపర్యంగా వచ్చే మూత్రపిండాల నీటితిత్తుల జబ్బు వంటివి ముప్పును పెంచుతాయి. మగవారికంటే ఆడవారిలో ఇది ఎక్కువ. పగిలినప్పుడు మాత్రం రక్తం మెదడు చుట్టూ ఉన్న పొరల మధ్యకు చిమ్ముతుంది. అప్పుడు వచ్చే తలనొప్పికి ఒక గుర్తు ఉంది. అది మెల్లగా మొదలై పెరగదు. నిమిషంలోపే పతాక స్థాయికి చేరుతుంది. దానితోపాటు వాంతులు, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, ఒక్కోసారి స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం జరుగుతాయి. ఒక కనురెప్ప వాలిపోయి, ఆ కంటిపాప పెద్దదైతే అది మరింత స్పష్టమైన హెచ్చరిక.

మా అక్కకు యాభై దాటాయి, బీపీ ఉంది, మాత్రలు సరిగా వేసుకునే అలవాటు లేదు. తెనాలిలో ఒక సాయంత్రం గిన్నెలు కడుగుతూ ఉన్న మనిషి తల రెండు చేతులతో పట్టుకుని కూలబడిపోయింది, వెంటనే వాంతి చేసుకుంది. బావగారు దగ్గరలోని నర్సింగ్ హోముకు తీసుకెళ్తే, బీపీ పెరిగిందనీ, గ్యాస్ కూడా తోడైందనీ చెప్పి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. నొప్పి ఎలా మొదలైందని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ రాత్రే స్కాన్ జరిగేది. ఈ జబ్బును మైగ్రేన్‌గానో, మెడనొప్పిగానో, బీపీ తలనొప్పిగానో పొరబడటం ప్రపంచమంతటా జరుగుతున్నదే, మొదటిసారి చూసిన డాక్టరుకు అది అంత తేలికగా అందదన్న సంగతి నాకు తెలుసు. అయినా, ఎప్పుడూ తలనొప్పి ఎరుగని మనిషి పుట్టి బుద్ధెరిగి ఇంత నొప్పి చూడలేదని ఏడుస్తుంటే, ఇంజెక్షన్‌తో సరిపెట్టడాన్ని నేను సమర్థించలేను. తెల్లవారేసరికి ఆమెకు మగత కమ్మింది, మెడ వంగడం మానేసింది. బావగారు ఇక ఎవరినీ అడగకుండా కారు మాట్లాడుకుని నేరుగా విజయవాడ తీసుకొచ్చారు. నేను అప్పటికి ఆసుపత్రి దగ్గర ఎదురుచూస్తున్నాను.

అత్యవసర విభాగంలోని డ్యూటీ డాక్టరు చాలా చిన్న వయసు అమ్మాయి. స్ట్రెచర్ లోపలికి రాగానే ఆమె బావగారిని అడిగిన మొదటి మాట, "నొప్పి మెల్లగా పెరిగిందా అండీ, ఒక్కసారిగా వచ్చిందా?" అని. రెండో మాట, "ఆ సమయంలో ఏం చేస్తున్నారు?" అని. అక్క మెడ కింద చెయ్యి పెట్టి తల పైకెత్తబోతే మెడతోపాటు భుజాలు కూడా లేచాయి. టార్చితో రెండు కళ్లూ చూసి, పేరు, ఊరు అడిగి, చేతులూ కాళ్లూ కదిలించమని చెప్పి, అక్కడికక్కడే సీటీ స్కాన్‌కు పంపించింది. అడ్మిషన్ కాగితాలూ అడ్వాన్సూ తరువాత అడిగారు. ఇలాంటి వేళలో ముందు కౌంటరు దగ్గర నిలబెట్టే ఆసుపత్రులను చూసినవాడిని కనుక ఈ ఒక్క విషయానికే వారికి చేతులెత్తి నమస్కరించాలనిపించింది.

స్కాన్ గది బయట ఉన్న తెర మీద రేడియాలజిస్టు మాకు చిత్రం చూపించారు. మెదడు అడుగున మామూలుగా నల్లగా కనిపించవలసిన ఖాళీలన్నీ తెల్లగా నిండి, ఐదు కోణాల నక్షత్రం ఆకారంలో ఉన్నాయి. ఆ తెలుపంతా రక్తమే. నొప్పి మొదలైన ఆరు గంటలలోపు నేటి యంత్రాలపై తీసిన సీటీ స్కాన్‌ను అనుభవమున్నవారు చదివితే ఈ రక్తస్రావం దాదాపు ఎన్నడూ తప్పిపోదనీ, ఆ తరువాత గంటలు గడిచేకొద్దీ రక్తం పలచబడి స్కాన్ నమ్మకం తగ్గుతుందనీ ఆయన చెప్పారు. స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా అనుమానం బలంగా ఉంటే నడుము దగ్గర సూదితో వెన్నునీరు తీసి, అందులో పాత రక్తం వల్ల వచ్చే పసుపు రంగు ఉందేమో చూస్తారట. ఆ పరీక్షకు నొప్పి మొదలై పన్నెండు గంటలు గడిస్తే ఫలితం సరిగ్గా తెలుస్తుంది. మాకు ఆ అవసరం రాలేదు. అదే బల్ల మీద నుంచి దించకుండా మందు ఎక్కించి, రక్తనాళాలను చూపే సీటీ యాంజియో కూడా తీశారు. ముందుభాగంలోని రెండు రక్తనాళాలను కలిపే చిన్న అడ్డనాళం మీద సుమారు ఆరు మిల్లీమీటర్ల బుడగ కనిపించింది. పగిలే బుడగలలో ఎక్కువగా కనబడే చోట్లలో అది ఒకటి. సాధారణ స్కాన్ ఒకచోట, యాంజియో మరోచోట, రిపోర్టు మర్నాడు అనే తిరుగుడు లేకపోవడం ఈ ఆసుపత్రి తొలి గొప్పతనం.

న్యూరోసర్జన్ వచ్చి మాతో కూర్చుని మాట్లాడిన తీరు కూడా మరిచిపోలేను. మగత ఎంత ఉంది, చేతులూ కాళ్లూ ఎలా కదులుతున్నాయి అన్నదాన్ని బట్టి ఈ జబ్బును ఒకటి నుంచి ఐదు వరకు దశలుగా లెక్కిస్తారనీ, 1968 నుంచి వాడుకలో ఉన్న హంట్ అండ్ హెస్ కొలత ప్రకారం అక్కది మూడో దశ అనీ చెప్పారు. ఆశలు పెంచలేదు, భయపెట్టనూ లేదు. చిట్లిన చోట గడ్డకట్టిన రక్తం ప్రస్తుతానికి అడ్డుపడి ఆపుతోందనీ, అది ఊడిపోతే మళ్లీ రక్తం చిమ్ముతుందనీ, ఆ ప్రమాదం మొదటి ఇరవై నాలుగు గంటలలోనే అన్నిటికంటే ఎక్కువనీ, రెండోసారి చిట్లితే బతికించడం చాలా కష్టమనీ వివరించారు. అందుకే పై రక్తపోటు 160 దాటకుండా, అలాగని మరీ పడిపోకుండా, చుక్కల మందుతో పట్టి ఉంచారు. వెలుతురు తగ్గించి, నొప్పికీ వాంతులకూ మందులిచ్చి, ముక్కి ముక్కి మలవిసర్జన చేయకుండా విరేచనం మెత్తబడే మందు కూడా ఇచ్చారు. ఇంత చిన్న విషయం కూడా మరవని చోట పెద్ద విషయాలు మరవరన్న నమ్మకం కలిగింది.

ఇక చికిత్స ఎంపిక. నా దృష్టిలో ఈ జబ్బుకు ఆసుపత్రిని తూచవలసిన అసలు చోటు ఇదే. బుడగను మూయడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, పుర్రె తెరిచి బుడగ మెడకు బయటి నుంచి క్లిప్ బిగించడం (క్లిప్పింగ్). 1937లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ వెండి క్లిప్‌తో మొదలుపెట్టిన ఈ పద్ధతి సూక్ష్మదర్శిని కింద చేసే శస్త్రచికిత్సగా నేటికీ ఎంతోమందిని కాపాడుతోంది. రెండోది, గజ్జలోనో మణికట్టు దగ్గరో రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, బుడగ లోపల ప్లాటినం తీగచుట్టలు నింపి, రక్తం అందులోకి రాకుండా చేయడం (కాయిలింగ్). ఇటలీకి చెందిన గీదో గుల్యెల్మి లాస్ ఏంజలెస్‌లో రూపొందించిన, విద్యుత్తుతో విడిపోయే తీగచుట్టలను 1990లో మొదటిసారి రోగికి వాడారు. రెండింటికీ అనువైన బుడగలున్న 2143 మందిపై జరిగిన ఐసాట్ అనే అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. ఏడాది తరువాత చనిపోయినవారూ, ఇతరులపై ఆధారపడి బతుకుతున్నవారూ కలిపి కాయిలింగ్ చేసినవారిలో 23.7 శాతం, క్లిప్పింగ్ చేసినవారిలో 30.6 శాతం ఉన్నారు. అయితే కాయిలింగ్ చేసిన బుడగ కొన్నాళ్లకు మళ్లీ కొంత తెరుచుకుని రెండోసారి చికిత్స కావలసిరావడం ఎక్కువ. బుడగ మెడ వెడల్పుగా ఉన్నా, పక్కనే పెద్ద గడ్డ కట్టి మెదడును నొక్కుతున్నా క్లిప్పింగే మేలు కావచ్చు.

ఈ వివరమంతా ఎందుకంటే, ఒకే పద్ధతి తెలిసిన ఆసుపత్రి తనకు తెలిసినదే మంచిదని చెప్పే అవకాశం ఉంది. ఇక్కడ క్లిప్పింగ్ చేసే సర్జనూ, కాయిలింగ్ చేసే ఇంటర్వెన్షనల్ డాక్టరూ ఇద్దరూ ఒకే గదిలో, ఒకే తెర ముందు నిలబడి, మా ఎదుటే చర్చించుకున్నారు. సర్జన్ స్వయంగా, "మెడ సన్నగా ఉంది, గడ్డ లేదు, మగతలో ఉన్న మనిషికి తల తెరవకుండా పని అయిపోతుంది, కాయిలింగే చేద్దాం" అన్నారు. తన చేతిలోని కేసును తానే మరొకరికి అప్పగించిన ఆ మాటను నేను ఈ ఆసుపత్రికి దక్కవలసిన అతిపెద్ద యోగ్యతాపత్రంగా భావిస్తాను. అదే రోజు క్యాథ్‌ల్యాబ్‌లో పని పూర్తయింది. పూర్తయ్యాక డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచి, ముందు తీసిన యాంజియో, తరువాత తీసినదీ పక్కపక్కన పెట్టి చూపించారు. మొదటిదానిలో నాళం పక్కన నిండుగా ఉన్న గుండ్రటి మచ్చ రెండోదానిలో లేదు. చుట్టూ ఉన్న నాళాలన్నీ యథాతథంగా పారుతున్నాయి.

బుడగ మూతపడితే గండం గడిచిందనుకుంటాం. నిజానికి అసలు కాపలా అక్కడి నుంచే మొదలవుతుంది. చిమ్మిన రక్తం తాకిడికి మూడు నాలుగు రోజుల తరువాత మెదడు రక్తనాళాలు ముడుచుకుపోయి, రెండు వారాల వరకు ఏ క్షణంలోనైనా మెదడులో ఏదో ఒక భాగానికి రక్తం అందకుండా పోవచ్చు. దీనికి నిమోడిపిన్ అనే మందు ఇరవై ఒక్క రోజులపాటు నాలుగు గంటలకోసారి 60 మిల్లీగ్రాములు ఇస్తారు. అక్కకు ఆ మోతాదు పడగానే బీపీ దిగిపోతుండటంతో, అంతే మందును సగం చేసి రెండు గంటలకోసారి ముక్కు గొట్టం గుండా వేశారు. అర్ధరాత్రి రెండింటికీ, తెల్లవారుజామున నాలుగింటికీ మాత్రను పొడి చేసి కలిపిన నర్సుల చేతి వరస ఒక్కసారి కూడా తప్పలేదని చార్టు చూసి చెబుతున్నాను. గంటగంటకూ వచ్చి, "అమ్మా, పేరేంటి? ఇదేం ఊరు? నా వేళ్లు గట్టిగా పట్టుకోండి" అని అడుగుతూనే ఉన్నారు. నిద్రపోనివ్వడం లేదని బావగారు మొదట విసుక్కున్నారు. ఒక రాత్రి ఎడమకాలి బలం కొంచెం తగ్గిందని ఆ ప్రశ్నల మధ్యనే ఒక నర్సు పసిగట్టింది. వెంటనే డాక్టర్లు వచ్చి, నాళాలలో రక్తం పారే వేగాన్ని చూపే డాప్లర్ పరీక్ష తలకు చేసి, అంతకుముందు తగ్గించి ఉంచిన బీపీని ఈసారి మందులతో పెంచారు. ముడుచుకున్న నాళాల గుండా రక్తం తోయాలంటే ఒత్తిడి కావాలట. బుడగ మూయకముందు బీపీ పెరిగితే ప్రమాదం, మూసిన తరువాత తగ్గితే ప్రమాదం. మరునాటికి కాలు మళ్లీ లేచింది.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. ఈ జబ్బులో రక్తంలోని సోడియం పడిపోవడం తరచుగా జరుగుతుంది. అక్కకు ఉప్పు మాత్రలు, గాఢమైన సెలైన్ పెట్టేసరికి, బీపీ మనిషికి ఉప్పేమిటని మా పెద్దమ్మ ఐసీయూ గుమ్మంలో గొడవపెట్టింది. డ్యూటీ డాక్టరు విసుక్కోకుండా, "పెద్దమ్మగారూ, ఉప్పు తగ్గితే మెదడు వాస్తుంది. ఇంటికెళ్లాక మీరు చెప్పినట్టే తగ్గిద్దురుగాని" అని సముదాయించింది. తలలో నీరు చేరితే బయటికి తీయడానికి పెట్టిన సన్నని గొట్టాన్నీ, దాని సంచీ ఎత్తునూ చెవి దగ్గర గుర్తుతో సరిచూసి, మంచం ఎత్తు మార్చే ప్రతిసారీ గొట్టం మూసి మళ్లీ కొలిచేవారు. మంచానికి ఆ సంగతి తెలుపుతూ తెలుగులో రాసిన కాగితం అంటించి ఉండేది. కొన్నాళ్లకు గొట్టం అవసరం తీరింది. కడుపులోకి శాశ్వతంగా నీరు మళ్లించే షంట్ పెట్టవలసిన పని పడలేదు.

ఇక తప్పులు. మొదటిది ఖర్చు. కాయిలింగ్‌కు ముందు ఇచ్చిన అంచనా కాగితంలో తీగచుట్టలు ఎన్ని పడతాయో, ఒక్కో దాని ధర ఎంతో రాయలేదు. ఎన్ని పడతాయో ముందుగా కచ్చితంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదని ఒప్పుకుంటాను. కానీ ఒక్కోదాని ధర చెప్పి, ఇన్ని నుంచి ఇన్ని వరకు పట్టవచ్చని రాయడం సాధ్యమే. చివరి బిల్లు అంచనాను బాగా దాటిపోయింది. బీమా అనుమతి కోసం బిల్లింగ్ కౌంటర్ చుట్టూ తిప్పించుకున్నప్పుడు అక్కడివారి మాటతీరు, పై అంతస్తులోని వైద్యుల తీరుకు పూర్తిగా విరుద్ధంగా ఉంది. ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు అడ్మిషన్ రోజునే ఆ పథకం కౌంటర్‌లో కూర్చునే, మిత్ర అని పిలిచే సహాయకులను కలిసి, తమకు చేయబోయే చికిత్స అందులో వస్తుందా, తీగచుట్టల ఖరీదు కూడా కలుస్తుందా అని తేల్చుకోవడం మంచిది. ఈ మాట మాకు ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు, పక్క మంచం వారి బంధువులు చెప్పారు.

రెండో లోపం నన్ను మరింత బాధించింది. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు, తిరిగి రావలసిన తేదీ ఉన్నాయి. అంతే. ముందుభాగపు నాళంలో రక్తస్రావం జరిగినవారికి కొత్త విషయాలు గుర్తుండకపోవడం, స్వభావం మారడం, చొరవ తగ్గడం, జరగనివి జరిగినట్టు చెప్పడం సాధారణమట. అక్క ఇంటికొచ్చాక పొద్దున్న తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి మరిచిపోయేది, చనిపోయిన మా నాన్నగారు నిన్న వచ్చి వెళ్లారని చెప్పేది, కొద్దిసేపు కూర్చుంటే అలసిపోయి పడుకునేది. ఇది చూసి బావగారు మతి పోయిందని కుమిలిపోయారు. ఇది జబ్బులో భాగమేననీ, చాలామందిలో నెలల తరబడి మెల్లగా మెరుగుపడుతుందనీ, జ్ఞాపకశక్తికి శిక్షణ ఇచ్చే నిపుణులున్నారనీ మొదటి ఫాలోఅప్‌లో మేమే అడిగితే తప్ప తెలియలేదు. అంత క్లిష్టమైన వైద్యం చేసినవారికి ఒక అరగంట కూర్చోబెట్టి ఈ నాలుగు మాటలు చెప్పడం బరువు కాదు. తెలుగులో రెండు పేజీల కరపత్రం వేసినా సరిపోయేది. మంచానికి తెలుగు కాగితం అంటించగలిగినవారు దీన్ని కూడా చేయగలరు, చేయాలి.

ఫాలోఅప్ విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆరు నెలలకు మళ్లీ యాంజియో తీసి, తీగచుట్టలు కుదించుకుపోయి బుడగ మెడ తెరుచుకుందేమో చూశారు, తెరుచుకోలేదు. ఇకపై ఎమ్మార్ యాంజియోతో చూస్తే చాలన్నారు. ప్లాటినం తీగచుట్టలకు ఎమ్మారై వల్ల ఇబ్బంది లేదట. తమ్ముడిగా నాకూ పరీక్ష కావాలా అని అడిగితే, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలలో ఇద్దరికి లేదా అంతకంటే ఎక్కువ మందికి ఈ జబ్బు వచ్చిన కుటుంబాలలో పరీక్ష చేయించమంటామనీ, ఒక్కరికే వస్తే అందరికీ అక్కరలేదనీ, బీపీ చూపించుకుని సిగరెట్ జోలికి వెళ్లకుండా ఉండమనీ చెప్పారు. డబ్బు వచ్చే పరీక్షను అవసరం లేదని చెప్పిన ఆ నిజాయితీకి నా గౌరవం మరింత పెరిగింది. గుంటూరు, కృష్ణా, ఏలూరు వైపు ఎవరికైనా ఇలాంటి తలనొప్పి వస్తే, బయలుదేరుతూనే వెళ్లబోయే ఆసుపత్రికి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: సీటీ యాంజియో ఈ క్షణంలో తీయగలరా, క్లిప్పింగ్, కాయిలింగ్ రెండూ చేసే డాక్టర్లు అక్కడే ఉన్నారా, న్యూరో ఐసీయూలో మంచం ఖాళీగా ఉందా. మూడింటిలో ఏ ఒక్కదానికి లేదన్నా దారి మార్చుకుని, మూడూ ఉన్నచోటికే తీసుకెళ్లండి.